మెరిట్ లిస్టులో వరుస ఎవరు వేస్తారు? క్లాసు లోపల సార్టింగ్ ఇలా

స్కాలర్‌షిప్ మెరిట్ లిస్టు వెబ్‌సైట్‌లో పెట్టారంటే ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ చేరతారు. మన అమ్మాయి పేరు ఎన్నో నంబర్ దగ్గరుందన్నదే ఆరాటం. ఆ వరుస వేసేది చాలాసార్లు ప్రోగ్రాములోని నాలుగైదు లైన్లే. వెబ్ కోడింగ్ నేర్చుకునే పిల్లలు తడబడే చోటు కూడా అదే.

పీహెచ్‌పీ భాషనే తీసుకుందాం. వర్డ్‌ప్రెస్ తయారైంది దీంతోనే. ఇందులో మామూలు సార్ట్ ఫంక్షన్ అంకెల్ని, అక్షరాల్ని వరుసలో పెడుతుంది. కానీ ‘ముందు మార్కులు చూడు, అవి సమానమైతే పుట్టిన తేదీ చూడు’ అనే మన రూలు దానికి తెలీదు. అందుకోసమే యూసార్ట్ ఉంది. దానికి లిస్టుతో పాటు, పోల్చే ఫంక్షన్ ఒకటి మనమే రాసి ఇవ్వాలి. యూసార్ట్ ఇద్దరిద్దరిని తెచ్చి దాని ముందు నిలబెడుతుంది. మొదటివారు ముందుండాలంటే అది మైనస్ సంఖ్య ఇవ్వాలి, వెనకుండాలంటే ప్లస్, సమానమైతే సున్నా.

చిక్కు క్లాసు దగ్గర వస్తుంది. క్లాసు అంటే డేటానీ, దానితో పనిచేసే ఫంక్షన్లనీ కలిపి కట్టిన మూట. పోల్చే ఫంక్షన్ ఆ మూటలో ఉన్నప్పుడు ఉత్త పేరు రాసిస్తే, యూసార్ట్ దాన్ని క్లాసు బయట వెతుకుతుంది. దొరకదు. గల్లీ మొదట్లో నిలబడి పేరొక్కటే అడిగితే ఎలా, ఫలానా వారింట్లో ఫలానా మనిషి అని చెప్పాలి కదా. అందుకే రెండు ముక్కల అరే ఇస్తారు. మొదటి ముక్క ‘దిస్’, అంటే ఈ ఆబ్జెక్టే. రెండోది ఫంక్షన్ పేరు. ఫంక్షన్ స్టాటిక్ అయితే దిస్ బదులు క్లాసు పేరు వస్తుంది. పీహెచ్‌పీ 8.1 నుంచి ఇంకా సులువు: దిస్, బాణం గుర్తు, ఫంక్షన్ పేరు, ఆపై బ్రాకెట్లో మూడు చుక్కలు.

పేరు తప్పు రాస్తే పీహెచ్‌పీ 8 ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 7లో అలా కాదు, ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకు పోయేది. సర్వర్లో వార్నింగులు కనపడకుండా పెట్టి ఉంటే అదీ లేదు, సార్ట్ కాని లిస్టే పేజీ మీదికి వచ్చేసేది. దానికంటే ఆగిపోవడమే నయం.

ఇంకో తప్పు దీనికంటే చెడ్డది, ఎందుకంటే ఏ వార్నింగూ రాదు. ఒకమ్మాయికి 91.5, ఇంకో అమ్మాయికి 91 మార్కులు అనుకోండి. పోల్చడానికి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది అర. యూసార్ట్ ఆ జవాబును పూర్ణ సంఖ్యగా మార్చుకుంటుంది, అర కాస్తా సున్నా అవుతుంది. ఇద్దరూ సమానమే అన్నమాట! 8.0 నుంచి సమానమైనవాళ్లు లిస్టులో ముందున్న వరుసలోనే ఉంటారు. కాబట్టి 91 వచ్చిన అమ్మాయి పేరు ముందే ఎక్కి ఉంటే ఆమే పైన ఉండిపోతుంది. అర మార్కు హక్కు అలా పోతుంది. తీసివేత మానేసి, 7.0లో వచ్చిన స్పేస్‌షిప్ గుర్తు వాడితే ఈ బాధ లేదు.

పేర్లు ఉర్దూలో ఉంటే ఇంకో సంగతి. యూనికోడ్‌లో అరబీ అక్షరాలు ముందు, ఉర్దూకి కావలసిన పే, చే, గాఫ్ లాంటివి వాటి తర్వాత ఉన్నాయి. ఆ కోడ్ నంబర్ల ప్రకారం పోలిస్తే వావ్‌తో మొదలయ్యే వహీద్ ముందొచ్చి, పే అక్షరం పర్వీన్ వెనక్కి పోతుంది. ఉర్దూ ఖాయిదా చదివిన ఏ పిల్లాడైనా ఇది తప్పంటాడు. పీహెచ్‌పీలో ఇంటల్ ఎక్స్‌టెన్షన్ ఉంటే దాంట్లోని కొలేటర్‌కి భాష ఉర్దూ అని చెప్పి, పోలిక దానికే అప్పగించొచ్చు.

క్లాసు అక్కరకొచ్చేది ఇక్కడే. కొలేటర్‌ని ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు ఒక్కసారి చేసి దాచుకుంటే, పోల్చే ఫంక్షన్ దిస్ ద్వారా దాన్నే వాడుకుంటుంది. 500 పేర్ల లిస్టుకి పోలికలు వేలల్లో జరుగుతాయి, ప్రతిసారీ కొత్త కొలేటర్ ఎందుకు?