ఒక్క లైటు చాలు... మొహం కళకళలాడటానికి!

'ముందుగది ఖాళీగానే ఉంది. కెమెరా కొనుక్కున్నాను. లైట్లు కూడా కొంటే స్టూడియో మొదలుపెట్టేయొచ్చు. ఎన్ని కొనమంటారు?' గోదావరిఖనిలో చిన్న ఫొటోస్టూడియో నడుపుతున్న నన్ను ఆడపిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. 'ఒక్కటి' అంటే నమ్మరు. పెళ్లిళ్లలో నాలుగువైపులా నిలబెట్టిన లైట్లు చూసి చూసి, ఎన్ని ఎక్కువుంటే అంత మంచి స్టూడియో అనుకుంటారు. అమ్మేవాళ్లూ అలాగే చెబుతారు. స్టాండ్లు, బల్బులు, గొడుగులు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి 'సెట్టుగా తీసుకోండి మేడమ్, కలిసొస్తుంది' అంటారు. నిజానికి కలిసొచ్చేది సెట్టు కాదు, సరైన చోట పెట్టిన ఒక్క మంచి లైటు.

చేతిలో ఫోనుండగా స్టూడియోకు ఎవరొస్తారని కొందరికి సందేహం. ఎందుకు రారు? దరఖాస్తుకు ఫొటో కావాలి. గల్ఫ్ వెళ్లేవాళ్లకు వీసా ఫొటో కావాలి. పెళ్లి సంబంధాలకు, సీమంతానికి, పాప మొదటి పుట్టినరోజుకు మంచి ఫొటో ఒకటి గోడ మీద ఉండాలని అందరికీ ఉంటుంది. పైగా ఆడవాళ్ల ఫొటోలు ఆడవాళ్లే తీస్తే బిడియం ఉండదు. ఇది ఇవాళ్టి మాట కాదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కూడా ఒక ఆంగ్లేయ మహిళే.

ముందు గది, తర్వాతే లైటు

లైటు కొనడానికి వెళ్లేముందు టేపు పట్టుకుని గది కొలవండి. మా ఊళ్లో మడిగె అద్దెకు తీసుకున్నా, క్వార్టర్‌లో ముందుగది వాడుకున్నా మహా అయితే పదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు ఉంటుంది. వెనక తెరకూ మనిషికీ మధ్య నాలుగడుగులు వదలాలి. లేకపోతే నీడ తెర మీద పడుతుంది. మనిషికీ కెమెరాకూ మధ్య ఆరేడడుగులు. మీరు నిలబడటానికి రెండడుగులు. అంతే, గది అయిపోయింది. ఇందులో నాలుగు స్టాండ్లు పెడితే పిల్లలు తట్టుకుని పడటం తప్ప ఉపయోగం లేదు.

పైకప్పు ఎత్తు కూడా చూసుకోండి. తొమ్మిదడుగుల స్లాబు కింద నాలుగడుగుల వెడల్పున్న పెద్ద సాఫ్ట్‌బాక్స్ ఎత్తితే పైకి తగులుతుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్నది చాలు.

గోడల రంగు సంగతి చాలామందికి తట్టదు. గులాబీ, లేతాకుపచ్చ, నీలం... మన ఇళ్లలో ఈ రంగులే ఎక్కువ. లైటు వేయగానే గోడ రంగు బుగ్గల మీదకు వస్తుంది. ఆకుపచ్చ గోడ పక్కన కూర్చోబెడితే ఎంత చక్కని పిల్లయినా జ్వరపడి లేచినట్టుంటుంది. ఖరీదైన లైటు కంటే ముందు రెండు డబ్బాల తెల్ల రంగు కొనండి.

చిన్న దీపం, పెద్ద దీపం

బాయిలో పనిచేసినవాళ్లెవరినైనా అడగండి. చీకట్లో క్యాప్ ల్యాంపు వెలుగు ఎదుటిమనిషి మొహాన పడితే ఎలా ఉంటుందో చెబుతారు. కళ్లు గుంటల్లా, ముక్కు నీడ పొడుగ్గా, చెమట పట్టిన చోటల్లా తళుక్కుమని. అదే మనిషిని ముసురు పట్టిన రోజు ఆరుబయట చూడండి, మొహం ఎంత నెమ్మదిగా ఉంటుందో! క్యాప్ ల్యాంపు చిన్నది. మబ్బు పట్టిన ఆకాశం పెద్దది. తేడా అంతా అక్కడే. వెలుగు వచ్చే చోటు మొహం కంటే చిన్నదైతే నీడలు కత్తితో కోసినట్టు పడతాయి. పెద్దదైతే నీడ అంచులు కరిగిపోతాయి. సాఫ్ట్‌బాక్స్, గొడుగు చేసే పని ఇదే, చిన్న దీపాన్ని పెద్దది చేయడం.

సత్యజిత్ రే సినిమా 'అపరాజితో' (1956)కు పనిచేసిన ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా, స్టూడియోలో వేసిన కాశీ ఇంటి సెట్టు మీద తెల్లబట్ట కట్టించి, లైట్లను దాని మీదకు కొట్టి, అక్కడినుంచి తిరిగొచ్చే వెలుగులో సినిమా తీశారు. చూసినవాళ్లకు నిజంగా ఆకాశం నుంచి పడే వెలుగే అనిపించింది. బట్టతో సాధించిన సంగతి అది!

నమ్మకం కుదరకపోతే వంటింట్లోనే చూసుకోవచ్చు. చీకటి గదిలో బల్ల మీద ఒక కోడిగుడ్డు పెట్టి, పక్కనుంచి టార్చి వేయండి. తర్వాత టార్చికీ గుడ్డుకూ మధ్య పల్చటి తెల్లబట్ట పట్టుకుని చూడండి. బట్టను దగ్గరికి తెచ్చేకొద్దీ నీడ మెత్తబడుతుంది. దూరం జరిపితే మళ్లీ గట్టిపడుతుంది. అందుకే సాఫ్ట్‌బాక్స్‌ను గది మూలన నిలబెట్టకుండా, ఫొటోలో పడనంత మేరకు మనిషికి దగ్గరగా తేవాలి. మూడడుగులు మంచి దూరం. ఇంకో లాభం కూడా ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. కాబట్టి దూరంలో ఉన్న చిన్న లైటు కంటే దగ్గర్లో ఉన్న పెద్ద సాఫ్ట్‌బాక్స్‌కు తక్కువ పవరు సరిపోతుంది.

ఫ్లాషా? ఎల్‌ఈడీనా?

ఒకప్పుడు స్టూడియోల్లో వెయ్యి వాట్ల హాలోజన్లు ఉండేవి. అలాంటివి మూడు, రోజుకు నాలుగు గంటలు వెలిగితే 12 యూనిట్ల కరెంటు. వంద వాట్ల ఎల్‌ఈడీ అదే నాలుగు గంటలకు అర యూనిట్ కూడా కాల్చదు. పైగా ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. ఆ ఎండలో హాలోజన్ ముందు పట్టుచీర కట్టుకుని కూర్చుంటే మేకప్ కాదు, ఓపిక కరిగిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కారుచవకగా వచ్చినా హాలోజన్ల జోలికి పోవద్దు.

ఇక మిగిలినవి రెండు. వెలుగుతూనే ఉండే ఎల్‌ఈడీ, క్లిక్‌మన్నప్పుడే వెలిగే ఫ్లాష్. ఎల్‌ఈడీ అయితే నీడ ఎక్కడ పడుతుందో ముందే కంటికి కనబడుతుంది, నేర్చుకోవడం తేలిక. వీడియో కూడా తీసుకోవచ్చు. కానీ పిల్లలు కుదురుగా కూర్చోరు కదా! వాళ్లు కదిలితే ఫొటో చెదురుతుంది. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది కనుక, పాప తల తిప్పినా ఫొటో నిలబడుతుంది. నా స్టూడియోకు వచ్చేవాళ్లలో సగం మంది పిల్లలతో వస్తారు. అందుకే నా ఓటు ఫ్లాష్‌కే. చిన్న గదికి 200 వాట్ సెకన్ల ఫ్లాష్ బాగా సరిపోతుంది. అంతకంటే పెద్దది కొంటే దాని పవరు తగ్గించుకోవడమే పనవుతుంది.

ఎల్‌ఈడీ కొనేవాళ్లు సీఆర్‌ఐ అనే అంకె తప్పకుండా చూడండి. సూర్యకాంతిలో రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి, దాన్ని వంద అనుకుంటే ఈ లైటు ఎంత దగ్గరికి వస్తుందో చెప్పే అంకె అది. 95 దాటి ఉండాలి. నాసిరకం ఎల్‌ఈడీల్లో ఎరుపు వెలుగు తక్కువ. వాటి కింద కుంకుమ నల్లబడుతుంది, పెదాలు పాలిపోతాయి. దుకాణానికి వెళ్లేటప్పుడు చేతిసంచీలో ఎర్రంచు పట్టు జాకెట్ గుడ్డ ఒకటి, పసుపు కుంకుమల పొట్లం ఒకటి పెట్టుకెళ్లండి. లైటు వేయించి వాటి ఫొటో తీయండి. ఏ అంకెలూ చెప్పని నిజం అవి చెబుతాయి. ఫోను కెమెరాలో చూసినప్పుడు అడ్డచారలు కదులుతుంటే ఆ లైటు వణుకుతోందన్నమాట. వద్దని చెప్పేయండి.

బ్యూటీపార్లర్లలో వాడే రింగ్‌లైట్ సరిపోదా అని కూడా అడుగుతుంటారు. ఫోను వీడియోలకు సరిపోతుంది. స్టూడియోకు కాదు. ఎదురుగా కొట్టే వెలుగు మొహాన్ని చపాతీలా చదును చేస్తుంది. కళ్లద్దాలుంటే రెండు కళ్లలోనూ రెండు గాజులు తొడిగినట్టు వలయాలు కనబడతాయి.

మన రంగు మనదే

ఈ పనిలో నాకు తరచూ వినబడే మాట ఒకటుంది. 'అక్కా, పెండ్లి సంబంధాలకు పంపాలె. పిల్ల జర తెల్లగ కనవడేటట్టు తియ్యరాదు!' తల్లి అలా అంటుంటే పక్కనే ఉన్న పిల్ల తల దించుకుంటుంది. వెలుగు పెంచి మొహాన్ని తెల్లగా కొట్టేయడం నిమిషం పని. కానీ అలా తీస్తే ముక్కు తీరు, బుగ్గ గుండ్రదనం అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పెళ్లిచూపుల రోజున వచ్చినవాళ్లు ఫొటోనూ పిల్లనూ మార్చి మార్చి చూస్తారు. ఆ అవమానం ఎవరికి?

తప్పు పిల్ల రంగులో లేదు. ఫొటోగ్రఫీకి తెల్లరంగు పిచ్చి మొదట్నుంచీ ఉంది. కొడాక్ కంపెనీ ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి ఫొటో. 'షర్లీ కార్డు' అనేవారు. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టే లెక్క. చాక్లెట్లు, చెక్కసామాను తయారుచేసే కంపెనీలు తమ సరుకు ఫొటోల్లో ముదురురంగు తేడాలు తెలియడం లేదని గొడవచేశాక, ఫిలింలో ఆ రంగులు బాగుపడ్డాయి. వేర్వేరు జాతుల స్త్రీలున్న కార్డులు వచ్చేసరికి 1990లు వచ్చేశాయి.

ఇప్పుడు కెమెరాలు మారాయి. లైటు పెట్టేది మాత్రం మన చేతుల్లోనే ఉంది. చామనఛాయ, నలుపు మొహాలకు వెలుగు ఎదురుగా కాకుండా పక్కనుంచి, పెద్ద సాఫ్ట్‌బాక్స్‌తో దగ్గరగా ఇవ్వండి. చర్మం మీద సన్నని మెరుపు పాకుతుంది. ఆ మెరుపే మొహానికి రూపు. రెండోవైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే నీడ సగం తేలికవుతుంది. జిడ్డు మాత్రం మెత్తని కాగితంతో అద్దండి, పౌడరు దట్టించకండి. వెనక నల్లతెర వేయకండి, జుట్టు అందులో కలిసిపోతుంది. బూడిదరంగు తెర వేయండి. తెల్లతెర ముందైతే కెమెరా ఆ తెలుపు చూసి మోసపోయి మొహాన్ని చీకటి చేస్తుంది. కనుక వెలుగు లెక్క మొహాన్ని చూసి కట్టండి, తెరను చూసి కాదు. ఇలా తీసిన ఫొటో చూపిస్తే తల్లులు ఇక తెల్లదనం మాట ఎత్తరు. 'అరె, నా బిడ్డ ఎంత కళగున్నది!' అంటారు.

దరఖాస్తు ఫొటో చిన్నచూపు కాదు

భర్తను పోగొట్టుకుని, కారుణ్య నియామకం కాగితాల కోసం ఫొటో దిగడానికి వచ్చే ఆడవాళ్లుంటారు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉంటాయి. ట్యూబులైటు కింద కూర్చోబెట్టి టక్కున తీస్తే, ఆ దుఃఖమంతా నీడలై కళ్లకింద చేరుతుంది. ఆ ఫొటోనే ఏళ్ల తరబడి కాగితాల మీద ఉండిపోతుంది. వీళ్లకు సాఫ్ట్‌బాక్స్ కాస్త కిందికి దించి, ఒళ్లో థర్మాకోల్ ముక్క పెట్టి పట్టుకోమంటాను. కిందినుంచి తిరిగొచ్చే వెలుగు కళ్లకింద నీడలను తుడుస్తుంది. ఖర్చు ఏమీ లేదు.

వీసా ఫొటోల్లో తెల్లతెర మీద నీడ ఉండకూడదు. లైటును కాస్త ఎత్తుగా, పక్కగా జరిపితే నీడ ఫొటో దాటి కింద పడుతుంది. అద్దాల మీద మెరుపూ పోతుంది. అమెరికా వీసా ఫొటోకైతే 2016 నవంబరు నుంచి కళ్లద్దాలు పెట్టుకోనివ్వడం లేదు.

కొనే వరస ఇదీ

మొదట ఒక ఫ్లాష్ లేదా ఎల్‌ఈడీ, ఏదో ఒక్కటే. గోడాక్స్, సిమ్‌పెక్స్, డిజిటెక్... కంపెనీ ఏదైనా బోవెన్స్ మౌంట్ ఉందో లేదో చూడండి. ఉంటే ఏ కంపెనీ సాఫ్ట్‌బాక్సయినా పడుతుంది. తర్వాత సాఫ్ట్‌బాక్స్. ఆ తర్వాత గట్టి స్టాండు. దీని దగ్గర పొదుపు చేయకండి. స్టాండు కాలికి ఇసుకసంచీ కట్టండి, పిల్లలు తగిలినా పడదు. ఆపైన థర్మాకోల్, తెర. రెండో లైటు సంగతి మొదటి లైటు తన ఖరీదు సంపాదించిపెట్టాక ఆలోచిద్దాం. హైదరాబాద్ కోఠిలోని కెమెరా దుకాణాలకు వెళితే నాలుగు చోట్ల చూసి, వెలిగించి మరీ కొనొచ్చు. పాడైతే బాగుచేసేదెవరో, ఫ్లాష్ ట్యూబు విడిగా దొరుకుతుందో లేదో అక్కడే అడగండి. పెట్టుబడి లేదంటారా? 2015లో మొదలైన ముద్ర పథకం కింద 'శిశు' రుణం రూ. 50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకులో అడగండి.

కొన్నాక జాగ్రత్తలూ ఉన్నాయి. మా ఊళ్లో బొగ్గుదుమ్ము దేన్నీ వదలదు. సాఫ్ట్‌బాక్స్ ముందు తెల్లబట్ట మాసిందంటే వెలుగు రంగు మారుతుంది. రాత్రిపూట పాతచీర కప్పి ఉంచండి. అప్పుడప్పుడు బట్ట విప్పి ఉతకండి. ఎర్త్ ఉన్న మూడుపిన్నుల ప్లగ్గే వాడండి. ఫ్లాష్‌ను ఇంట్లో మాత్రం విప్పకండి, స్విచ్ కట్టేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

లైటు చేతికొచ్చేలోగా రోజూ పొద్దున ఇంట్లోవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి చూస్తూ ఉండండి. వెలుగు ఎటునుంచి వస్తే ఎవరి మొహం బాగుందో గమనించండి. కంట్లో చిన్న తెల్లచుక్క మెరిసిందా, వెలుగు సరైన చోట ఉన్నట్టే. ఈ చూపు ఒకసారి అలవాటైతే ఏ దుకాణదారుడూ మీకు అక్కర్లేని సెట్టు అంటగట్టలేడు!