క్షయకరణ విభజన – జన్యువుల వంతు

కొత్తవలస చుట్టుపక్కల పల్లెల నుంచి హాస్టలుకు వచ్చిన మనలో చాలామందిమి సెలవుల్లో చేలో పనిచేసినవాళ్లమే. హైబ్రిడ్ మొక్కజొన్న గింజలను దాచి మరుసటి ఏడు విత్తితే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి. కంకులూ మొదటి ఏటిలా రావు. అందుకే ఏటా విత్తనం కొనాలి, చాలా ఇళ్లలో అప్పు చేసి మరీ. దీనికి కారణం పువ్వులో జరిగే క్షయకరణ విభజన. అందులో తల్లిదండ్రుల నుంచి వచ్చిన క్రోమోజోములు ముక్కలు మార్చుకుని, సగం సగంగా విడిపోతాయి. ఏ రెండు గింజలూ ఒకలా ఉండవు.

ఇంటర్‌లో లెప్టోటీన్, జైగోటీన్ అని మేమూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఏ దశ ఎప్పుడు మొదలవ్వాలో కణానికి ఎలా తెలుస్తుందని మాత్రం ఎన్నడూ అడగలేదు.

మొక్కలోని కణాలన్నింటిలోనూ దాదాపు అవే జన్యువులు ఉంటాయి. ఆకులో కొన్ని పనిచేస్తాయి, వేరులో మరికొన్ని. పరాగకోశంలోని కొద్ది కణాల్లో మాత్రం క్షయకరణకు కావలసిన జన్యువులు వంతుల వారీగా పని మొదలుపెడతాయి. డీఎన్ఏ దారం హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్ల మీద మిథైల్ గుర్తులుంటాయి. వాటిని గుర్తుపట్టే ప్రోటీన్లు వేరే ఉన్నాయి.

అలాంటి ఒకదాన్ని గురించి తెలిసింది మన హైదరాబాదులోనే. సి.సి.ఎం.బి.లో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో డ్యూయెట్ అనే జన్యువు గురించి 2003లో ప్రకటించింది. అది చెడితే మగ కణాల విభజన నెమ్మదించి మధ్యలో ఆగుతుంది, సరైన పుప్పొడి రాదు. ఆడ వైపు మాత్రం ఇబ్బంది లేదు. డ్యూయెట్ ప్రోటీన్ హిస్టోన్ మీది మిథైల్ గుర్తును పట్టుకుని, విభజన ముందుకు సాగడానికి అవసరమైన టీడీఎం1, జాస్ అనే జన్యువులను పనిచేయిస్తుందని 2015లో తేల్చారు.

అదే బృందం 2008లో ఇంకో సంగతి చూపింది. డయాడ్ జన్యువు చెడిన మొక్కలో అండం తయారయ్యేచోట క్షయకరణ బదులు మామూలు విభజన లాంటిది జరిగి, అరుదుగానైనా తల్లి క్రోమోజోములన్నీ ఉన్న అండాలు వచ్చాయి. మరి అలాంటి అండమే విత్తనమైతే? 2022లో ఫ్రాన్స్, అమెరికా శాస్త్రజ్ఞులు హైబ్రిడ్ వరిలో మూడు జన్యువులను ఆపి క్షయకరణ జరగకుండా చేశారు. మరొక జన్యువును అండంలో పనిచేయించి, ఫలదీకరణ లేకుండానే పిండం ఎదిగేలా చూశారు. వచ్చిన గింజల్లో 95 శాతానికి పైగా అచ్చం తల్లి మొక్కలాంటివే.