గాలిమార్పుకు వెళ్తున్నారా? ముందు మీ మిజాజ్ తెలుసుకోండి



ఈ మధ్య మన పాత్రపూర్, చికిటి, ఇచ్ఛాపురం వైపు కుటుంబాల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. దుబాయ్‌లోనో హైదరాబాదులోనో స్థిరపడిన అబ్బాయి ఫోన్ చేస్తాడు. “అబ్బా, ఈసారి మీరూ అమ్మీ పది రోజులు కేరళ వెళ్లి రండి. మాలిష్, ఆవిరి స్నానం, సముద్రం పక్కన గది, అన్నీ ప్యాకేజీలోనే ఉన్నాయి” అంటాడు. అబ్బాకు మోకాళ్ల నొప్పులు, షుగరు. అమ్మీకి నిద్ర పట్టదు. డబ్బు కొడుకు కడతాడు కాబట్టి వద్దనడానికి మనసొప్పదు. మా దవాఖానాకు వచ్చి, “హకీమ్ సాబ్, వెళ్లమంటారా?” అని అడుగుతారు.

తప్పకుండా వెళ్లమంటాను. అయితే ఎక్కడికి, ఏ నెలలో, ఎవరికోసం అన్నది తేల్చుకున్నాక వెళ్లండి.

గాలిమార్పు మన పెద్దలకు కొత్త విషయం కాదు. యూనానీలో దీన్ని తబ్దీలే ఆబ్-ఓ-హవా అంటారు. ఆరోగ్యాన్ని నిలబెట్టేవి ఆరని మన వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటాం. పీల్చే గాలి, తినేవి, తాగేవి, ఒంటికి కదలిక, విశ్రాంతి, మనసుకు కదలిక, విశ్రాంతి, నిద్ర, మెలకువ, ఒంట్లోంచి పోవలసినవి పోవడం, ఉండవలసినవి ఉండడం. ఇంట్లో ఉంటే వీటిలో ఒకదాన్ని మార్చడానికే నెల పడుతుంది. ఊరు మారితే ఆరూ ఒకే రోజున మారిపోతాయి. ప్రయాణంతో కొందరు కోలుకోవడానికీ, కొందరు మంచాన పడడానికీ కారణం ఇదే.

దసరా సెలవులు వద్దు

పిల్లలకు సెలవులని చాలామంది అక్టోబరులో సముద్రతీరానికి బయలుదేరతారు. మన తీరానికి అది తుఫానుల కాలం. 1999 అక్టోబరు 17న గంజాం తీరాన్ని తాకిన తుఫాను బరంపురాన్ని ఎలా చేసిందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు వచ్చి, మన రెండు రాష్ట్రాల కొబ్బరి తోటలనూ జీడి తోటలనూ పడగొట్టింది. నవంబరు కూడా పూర్తిగా నమ్మదగిన నెల కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన తీరంలో ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అరవై దాటిన వారిని ఆ ఎండలో విశ్రాంతికని తీసుకెళ్లడం శిక్షతో సమానం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. రంజాన్ ఎప్పుడు వస్తుందో క్యాలెండరులో చూసుకుని తేదీలు నిర్ణయించుకోండి.

ఎవరి విశ్రాంతి?

సోదరులు ఈ భాగాన్ని కాస్త శ్రద్ధగా చదవాలి. తలనొప్పి, నిద్రలేమి, గుండె దడతో ఒక సోదరి చాలాకాలంగా నా దగ్గర మందు తీసుకుంటోంది. నాడి చూశాను, బి.పి. చూశాను, రక్తపరీక్ష చేయించాను. పెద్ద రోగమేమీ లేదు. ఆమెకు కావలసింది విశ్రాంతి. “వారం రోజులు ఎక్కడికైనా తీసుకెళ్లండి” అని ఆమె భర్తకు చెప్పాను. ఆయన మంచి మనిషి, వెంటనే ఏర్పాటు చేశారు. చిలికా ఒడ్డున ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తోడుగా తమ్ముడి కుటుంబం, అక్క కుటుంబం, అత్తగారు బయలుదేరారు. మొత్తం పదకొండు మంది. హోటల్లో జబీహా నమ్మకం లేదని గ్యాస్ పొయ్యి, దేగ్చీలు వెంట పట్టుకెళ్లారు. వారం రోజులూ పదకొండు మందికి మూడు పూటలా ఆమే వండింది. చిలికాను వంటింటి కిటికీలోంచే చూసిందట. తిరిగి వచ్చాక తలనొప్పి రెండింతలైంది.

హలాల్ గురించి జాగ్రత్త పడడం మన బాధ్యతే. అయితే దానికి మార్గం ఇంటావిడను మళ్లీ పొయ్యి దగ్గర నిలబెట్టడం కాదు. కూరగాయలు, పప్పు, గుడ్లు, చేపలు ఎక్కడైనా దొరుకుతాయి. మూడు రోజులు మాంసం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు, నిజానికి మనలో చాలామంది కాలేయానికి అది మేలే. తప్పదంటే వంట మగవాళ్లు చేయండి. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఇంటి పనుల్లో చేయి వేసేవారని హదీసుల్లో చదువుతూనే ఉంటాం కదా. మరో మాట. జబ్బుగా ఉన్నవారి కోసం వెళ్లే ప్రయాణంలో నలుగురికి మించి వద్దు. మిగతా బంధువులతో ఇంకోసారి పిక్నిక్ పెట్టుకోండి.

ఎక్కడికి?

అన్ని మిజాజులకూ ఒకే చోటు సరిపడదు. సఫ్రావీ మిజాజ్ వారు, అంటే పలచని ఒళ్లు, వేడి తత్వం, త్వరగా కోపం, నోట్లో చేదు ఉన్నవారు సముద్రం పక్కన బాగుంటారు. తీరంలో వేడీ చలీ మరీ తీవ్రంగా ఉండవు, గాలిలో తడి ఉంటుంది. మనకు బరంపురం నుంచి పదిహేను, పదహారు కిలోమీటర్లలో గోపాల్‌పూర్ ఉంది. జనం రద్దీ పడనివారికి బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపూర్ ఉంది. అక్కడ వసతులు తక్కువ, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలి. మన తీరంలో నీటి లాగుడు చాలా ఎక్కువ. మోకాళ్ల లోతు దాటి దిగవద్దు. ఒడ్డున ఉండే మన తెలుగు నోలియాలు దిగవద్దంటే వాళ్ల మాట వినండి, ఆ నీళ్లు వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియవు.

బల్గమీ మిజాజ్ వారికి, అంటే స్థూలకాయం, తరచూ జలుబు, ఆయాసం, ఒంట్లో బరువు ఉన్నవారికి సముద్రపు తడి గాలి అంతగా పడదు. రెండో రోజుకే ముక్కు దిబ్బడ మొదలవుతుంది. వీరికి పొడిగాలి, నడక, వేడి అవసరం. సౌదావీ మిజాజ్ వారు, దిగులు, ఆలోచనలు, మలబద్ధకం, పొడి చర్మం ఉన్నవారు ఒంటరి చోటికి వెళ్లకూడదు. నాలుగు గోడల రిసార్టులో కూర్చుంటే దిగులు ఇంకా పెరుగుతుంది. వీరిని చిలికాకు తీసుకెళ్లండి. రంభ మన గంజాం జిల్లాలోనే ఉంది, బరంపురం నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. చలికాలంలో వేలకు వేల పక్షులు ఎక్కడెక్కడినుంచో వచ్చి వాలుతాయి. పొద్దున పడవలో గంటసేపు కూర్చుంటే కంటికీ మనసుకూ పని దొరుకుతుంది. ఇది హర్కతె నఫ్సానీ, మనసుకు వ్యాయామం. అక్కడి రొయ్యలు, పీతల సంగతి మీ ఆలిమ్‌ను అడగండి, నేను హకీమును మాత్రమే. ఒకటి మాత్రం చెప్పగలను. ఇదివరకు ఎప్పుడైనా వాటివల్ల దద్దుర్లు వచ్చి ఉంటే మళ్లీ ముట్టుకోవద్దు. రెండోసారి గొంతు వాచి ఊపిరి అందకపోవచ్చు.

తప్తపాణి వేడినీళ్లు

కీళ్లనొప్పుల వారు ఎక్కువగా అడిగేది దీని గురించే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. బరంపురం నుంచి దిగపహండి మీదుగా సుమారు యాభై కిలోమీటర్లు వెళ్తే అడవి మధ్య తప్తపాణి వస్తుంది. భూమిలోంచి గంధకం కలిసిన వేడినీరు ఊరుతుంది. ఊట దగ్గర కంధి దేవిని కొలుస్తారు, అక్కడివారి ఆచారానికి భంగం కలిగించకండి. స్నానానికి ఆ నీటిని వేరే కొలనులోకి మళ్లించారు. మన స్త్రీలకు పర్దా సమస్య ఉంటుంది. అందుకని వసతిగృహంలో గది తీసుకునేటప్పుడే ఊటనీరు వచ్చే తొట్టి ఉన్న గది దొరుకుతుందేమో అడగండి.

గంధకపు నీళ్ల స్నానం నరాలకు, చర్మానికి, నొప్పులకు మంచిదని షేక్ బూ అలీ ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో రాశారు. ఆ నీళ్లు కడుపును బలహీనపరుస్తాయని కూడా ఆయనే హెచ్చరించారు. మొదటి మాట అందరికీ గుర్తుంటుంది, రెండోది ఎవరూ పట్టించుకోరు. భోజనం చేసిన వెంటనే దిగకూడదు. రెండు మూడు గంటలు ఆగండి. పూర్తిగా ఖాళీ కడుపుతోనూ వద్దు. హమామ్‌లో ఒక గది తర్వాత ఒక గదిగా వేడి పెంచేది ఒంటిని అలవాటు చేయడానికే. ఇక్కడ కూడా ముందు కాళ్లు, తర్వాత నడుము, చివరికి భుజాలు. మొదటి రోజు ఐదు నిమిషాలు, తర్వాత పది. అంతకుమించి పెద్ద వయసువారికి అవసరం లేదు. బయటికి వచ్చాక ఒళ్లు తుడుచుకుని, దుప్పటి కప్పుకుని, నీళ్లు తాగి అరగంట పడుకోండి. వెండి ఉంగరం ముందే తీసి పెట్టుకోండి, గంధకానికి నల్లబడిపోతుంది. ఆ నీళ్లు తాగవద్దు.

ఇక షుగరు ఉన్నవారికి ముఖ్యమైన మాట. చాలా ఏళ్లుగా షుగరు ఉంటే అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది. వేడి తెలియదు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు ఒక వేడినీటి కొలను దగ్గర, “హాయిగా ఉంది, అస్సలు కాలడం లేదు” అంటూ పావుగంట కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. రాత్రికి రెండు పాదాలకూ బొబ్బలు. పుండ్లు మానడానికి నాలుగు నెలలు పట్టింది, ఒక వేలు తీసేయవలసి వచ్చింది. కాలడం లేదని ఆయన సంతోషించారు గాని, అసలు ప్రమాదం అదే. కాబట్టి షుగరు ఉన్నవారు నీటి వేడిని పాదంతో పరీక్షించవద్దు. ఇంట్లో షుగరు లేని వ్యక్తి మోచేయి ముంచి చూడాలి. మోచేతికి వేడిగా అనిపిస్తే ఆ నీళ్లు మీకు వద్దు. పాదాల్లో తిమ్మిరి, మొద్దుబారడం ఇప్పటికే ఉంటే అసలు దిగకండి, మగ్గుతో గోరువెచ్చటి నీళ్లు మోకాళ్లపై పోసుకుంటే చాలు. ఇన్సులిన్ వేసుకున్న వెంటనే వేడినీటి స్నానం చేస్తే మందు రక్తంలోకి త్వరగా చేరి షుగరు పడిపోవచ్చు. బి.పి. మాత్రలు వాడేవారికి నీళ్లలోంచి లేవగానే కళ్లు తిరుగుతాయి, పక్కన మనిషి ఉండాలి. గర్భిణులు, గుండెజబ్బు వారు, పుండ్లు, జ్వరం ఉన్నవారు దూరంగా ఉండాలి.

మాలిష్, హిజామా

ఇప్పుడు ప్రతి రిసార్టులోనూ మాలిష్ బోర్డు ఉంటుంది. కొన్నిచోట్ల హిజామా కూడా చేస్తున్నారు. దల్క్ అంటే యూనానీ మాలిష్ మంచి చికిత్సే. గట్టిగా చేస్తే ఒకలాగా, మెల్లగా చేస్తే ఇంకోలాగా పని చేస్తుంది, ఎవరికి ఏది కావాలో తెలిసినవారే చేయాలి. పిక్కలో ఒకవైపే వాపు, నొప్పి ఉంటే మాలిష్ చేయించుకోవద్దు. అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించండి. హిజామాకైతే కప్పులు, బ్లేడు మీ ఎదుటే కొత్త ప్యాకెట్టులోంచి తీయాలి. లేదంటే లేచి వచ్చేయండి. హెపటైటిస్, హెచ్.ఐ.వి. అలాంటి చోటే అంటుకుంటాయి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు హిజామా జోలికే పోవద్దు. చేసేవారి చదువు, రిజిస్ట్రేషను నెంబరు అడగండి. నాలాంటి పాతకాలం డిప్లొమా వాడైనా, ఈనాటి బి.యు.ఎం.ఎస్. పిల్లలైనా, అడిగితే కోపం రాకూడదు. కోపం వస్తే అనుమానించండి.

మూడు రోజుల్లో “ఒంట్లో విషాలన్నీ కడిగేస్తాం”, “షుగరు మాత్రలు మానిపిస్తాం” అనేవారి దగ్గరికి వెళ్లకండి. సెలవుల్లో కూడా షుగరు, బి.పి., గుండె మాత్రలు ఒక్క పూట ఆపకూడదు.

సంచిలో ఏముండాలి?

ప్రయాణంలో తిండి మార్పు కంటే నీటి మార్పే ఎక్కువ చెరుపు చేస్తుందని ఇబ్నె సీనా అభిప్రాయం. మరిగించడం, సిర్కా కలపడం ఆయన చెప్పిన ఉపాయాలు. మరిగించి చల్లార్చిన నీళ్లే తాగండి, సిర్కా ఒక్కటే కలిపితే క్రిములు చావవు. అన్నంతో పాటు సిర్కాలో వేసిన ఉల్లిపాయ తినవచ్చు. అల్సర్, పుల్లత్రేన్పులు ఉన్నవారు మానేయాలి. అజీర్తికి జవారిష్ కమూనీ అర చెంచా పెట్టుకోండి, అయితే అది పాకంలో చేసిన మందు, షుగరు వారికి పనికిరాదు. వారు జీలకర్ర, సోంపు వేయించి పొడి చేసుకుని తీసుకెళ్లాలి. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగైనా ఉండాలి. ఇన్సులిన్‌ను కారులో ఎండ తగిలేచోట వదలకండి. ఫ్రిజ్ లేనిచోట సీసా తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడిగుడ్డ చుట్టిన మట్టికూజాలో ఉంచితే చల్లగా ఉంటుంది. డాక్టరు చీటీ నకలు ఒకటి వెంట ఉంచుకోండి. గంజాంలో ఎక్కడ ఉన్నా పెద్ద అవసరానికి బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

కొండల వైపు, దారింగబాడి గాని మహేంద్రగిరి గాని వెళ్లేవారు దోమతెర తప్పక తీసుకెళ్లండి. కందమాల్, గజపతి కొండల్లో మలేరియా మునుపటికంటే తగ్గింది గాని పోలేదు. తిరిగి వచ్చిన వారం తర్వాత, నెల లోపు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా జ్వరం రావచ్చు. అప్పుడు కషాయం తాగుతూ ఇంట్లో కూర్చోవద్దు, నా దగ్గరికి కూడా రావద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. కొండల్లో ఏ ఊళ్లో, ఎన్ని రాత్రులు పడుకున్నారో డాక్టరు అడగకముందే మీరే చెప్పండి.