మూలుగ ఇస్తే అమానతుకు ద్రోహమా?

మన దేహం మన సొత్తు కాదు. అల్లాహ్ మన చేతికి అప్పగించిన అమానతు. దానిని ఇష్టం వచ్చినట్లు కోసుకోవడానికీ, అమ్ముకోవడానికీ, పాడుచేసుకోవడానికీ మనకు హక్కు లేదు. మక్తబ్‌లో చిన్ననాడే నేర్చుకున్న ఈ మాట ముమ్మాటికీ నిజం. అయితే ఇదే మాటను అడ్డుపెట్టి, రక్తం జబ్బుతో మంచాన పడిన సొంత తమ్ముడికి కూడా మూలుగ ఇవ్వరాదని వాదించేవారు మనలో ఉన్నారు. మూత్రపిండం గురించి ఎప్పుడో విన్న ఫత్వాను తెచ్చి మూలుగకు అతికిస్తారు. ఇంట్లో పెద్దలు తలలూపుతారు. డాక్టరు చెప్పిన గడువు కాస్తా దాటిపోతుంది. మూత్రపిండం మాట వేరు, మూలుగ మాట వేరు. షరీఅత్‌లోనూ వేరే, వైద్యంలోనూ వేరే.

ముందు వైద్యం సంగతి చూద్దాం. మూలుగను ఉర్దూలో హడ్డీ కా గూదా అంటాం. గూదా అనగానే మన ఇళ్లలో నల్లీ గుర్తుకొస్తుంది. నిహారీ పళ్లెంలో ఎముకను దులిపి గూదా రాల్చుకుని తినే అలవాటు మనది. అందుకే గూదా ఇవ్వాలనగానే ఎముక విరగ్గొట్టి తీస్తారేమోనని, మనిషి జీవితాంతం కుంటివాడవుతాడేమోనని హడలిపోతారు. పెద్దవాళ్ల కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల్లో ఉండేది చాలావరకు కొవ్వుతో నిండిన పసుపు మూలుగ. చికిత్సకు పనికొచ్చేది ఎర్ర మూలుగ. అది తుంటి ఎముకలాంటి వాటిలో, స్పాంజి మాదిరి భాగంలో ఉంటుంది. అందులోని మూలకణాలే మన రక్తంలోని ఎర్రకణాలను, తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను రేయింబవళ్లు తయారుచేస్తూ ఉంటాయి.

వీటిని తీసే పద్ధతులు రెండు. ఎక్కువగా వాడే పద్ధతిలో దాతకు నాలుగైదు రోజులు చర్మం కింద ఇంజెక్షన్లు ఇస్తారు. దాంతో మూలకణాలు మూలుగ నుంచి రక్తంలోకి వస్తాయి. అప్పుడు ఒక చేతి నరం నుంచి రక్తాన్ని యంత్రంలోకి పంపి, మూలకణాలను వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. నాలుగైదు గంటల పని. ఇంజెక్షన్ల రోజుల్లో ఒళ్లు నొప్పులు, తలనొప్పి ఉంటాయి. రెండో పద్ధతిలో మత్తు ఇచ్చి, తుంటి ఎముక వెనుక భాగంలో సూదులతో మూలుగను లాగుతారు. ఎముకను కోయరు, విరగ్గొట్టరు. వెన్నుపాము జోలికే పోరు. కొన్నాళ్లు నడుము నొప్పి ఉంటుంది. మత్తు ఇచ్చే ఏ చికిత్సలోనైనా ఉండే కొద్దిపాటి ప్రమాదం ఇక్కడా ఉంటుంది. కానీ ఇచ్చిన మూలుగ కొన్ని వారాల్లోనే మళ్లీ నిండుతుంది. మూత్రపిండం తీస్తే తిరిగి రాదు. అసలు తేడా ఇదే.

ఈ చికిత్స నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో డాక్టర్ డొనాల్ థామస్ 1957లో దీని తొలి ప్రయోగాలను ప్రకటించారు. ఆయనకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 1983లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1986లో ప్రారంభించాయి. నేడు హైదరాబాదులోనూ జరుగుతోంది. రక్త క్యాన్సర్లలో కొన్నింటికి, మూలుగ ఎండిపోయే ఎప్లాస్టిక్ ఎనీమియాకు, తలసేమియాకు దీనితో నయమయ్యే అవకాశం ఉంది. తలసేమియా బిడ్డ ఉన్న ఇంటిని చూసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మందు వాడాలి. 1998లో ఏర్పడిన హైదరాబాదు తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ అలాంటి పిల్లలకు రక్తం ఎక్కిస్తోంది. ఆ మంచాల పక్కన బురఖా వేసుకున్న తల్లులు తక్కువేమీ ఉండరు.

ఇక షరీఅత్ మాట. అవయవ మార్పిడిపై ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్న మాట వాస్తవం. దేవ్‌బంద్‌లో ముఫ్తీగా ఉండి, తర్వాత పాకిస్తాన్ వెళ్లిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ (మరణం 1976) మనిషి అవయవాన్ని మరొకరికి అమర్చడాన్ని ఒప్పుకోలేదు. అంతటి కఠినుడూ రక్తం ఎక్కించే విషయానికి వచ్చేసరికి తల్లిపాలతో పోల్చారు. పాలు కూడా మనిషి శరీర భాగమే, అయినా కోత లేకుండా బయటికి వస్తాయి, అవసరాన్ని బట్టి షరీఅత్ వాటిని అనుమతించింది, కనుక ప్రాణావసరంలో రక్తం ఎక్కించవచ్చని తేల్చారు. యంత్రంతో తీసే మూలకణాలు రక్తం దారిన వచ్చేవే. సూదితో తీసే మూలుగ కూడా రక్తానికి పుట్టిల్లే. ఈ పోలిక దానికి వర్తించదనడానికి నాకు కారణం కనిపించదు.

1988లో జిద్దా అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ మరింత స్పష్టంగా తీర్మానించింది. రక్తం, చర్మం మాదిరిగా తనంతట తాను తిరిగి పెరిగే భాగాన్ని, పూర్తి వివేకం గల మనిషి తన ఇష్టంతో, షరీఅత్ షరతులకు లోబడి మరొకరికి ఇవ్వడం జాయిజ్ అని చెప్పింది. అమ్మకం మాత్రం హరామ్. మూలకణాల గురించి మక్కాలోని రాబితా ఫిఖ్హ్ మండలి 2003 డిసెంబరులో ప్రత్యేకంగా చర్చించింది. పెద్దల నుంచి వారి అనుమతితో, హాని లేకుండా తీసుకోవచ్చని, బొడ్డుతాడు నుంచి కూడా తీసుకోవచ్చని, కావాలని చేసిన గర్భస్రావపు పిండం నుంచి తీసుకోరాదని నిర్ణయించింది. పసిపిల్లల నుంచి తీసుకోవడానికి వారి వలీ అనుమతి ఉండాలి, ధర్మసమ్మతమైన ప్రయోజనం ఉండాలి, బిడ్డకు హాని కలగకూడదు.

ఈ చివరి మాట చాలా ఇళ్లకు కావలసింది. ఎందుకంటే తలసేమియా బిడ్డకు మూలుగ కుదిరేది తరచుగా చిన్న అక్కకో, చిన్న తమ్ముడికో. కుదరడం అంటే బ్లడ్ గ్రూపు కలవడం కాదు. హెచ్.ఎల్.ఎ. అనే గుర్తులు కలవాలి. గ్రూపు వేరైనా ఇవ్వవచ్చు. చికిత్స తర్వాత రోగి గ్రూపు దాత గ్రూపుగా మారిపోతుంది కూడా! తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం గుర్తులు వస్తాయి గనుక ఒక్కొక్క తోబుట్టువుతో పూర్తిగా కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. నలుగురు పిల్లలుంటే ఒకరికి ఖాయమని దీనర్థం కాదు. అయితే చిన్నాన్న, పెదనాన్న పిల్లల మధ్య, మేనరికంలో తరతరాలుగా పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో తల్లిదండ్రులతోనో, దగ్గరి బంధువులతోనో కూడా పూర్తిగా కుదిరే సందర్భాలున్నాయి. కనుక అలాంటి ఇళ్లలో పరీక్ష తోబుట్టువులతో ఆపవద్దని డాక్టరును అడగాలి. అవే పెళ్లిళ్లు తలసేమియాకూ దారితీస్తాయన్నది వేరే చేదు నిజం. సౌదీ అరేబియాలో 2004 నుంచి నికాహ్‌కు ముందు ఈ రక్తపరీక్ష తప్పనిసరి. మన దగ్గర జహేజ్ లెక్కలకు పట్టే సమయంలో పదో వంతు ఈ పరీక్షకు చాలు.

కుదిరింది ఆడపిల్లకైతే కొత్త చిక్కు మొదలవుతుంది. రేపు సంబంధం ఎలా కుదురుతుంది, పిల్లలు పుడతారా అని నానీమా కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మూలుగ ఇవ్వడానికీ సంతానానికీ సంబంధం లేదు. గర్భిణులను మాత్రం దాతలుగా తీసుకోరు. పెళ్లయిన అక్కయ్యకు కుదిరితే అత్తవారు అడ్డం పడతారు. భర్తతో మష్వరా చేయడం మంచిదే. కానీ తోబుట్టువు ప్రాణం నిలిపే అవకాశాన్ని అత్తగారి భయం కోసం వదులుకోమని ఏ ఫిఖ్హ్ పుస్తకమూ చెప్పదు. రక్త సంబంధాన్ని కలుపుకోవాలన్న ఆజ్ఞ పండుగనాడు సేవయ్యాలు పంపడంతో తీరేది కాదు.

అపరిచితుల మూలుగ ఎక్కించుకుంటే నసబ్ కలుస్తుందా, వారితో నికాహ్ హరామ్ అవుతుందా అని అడిగేవారున్నారు. పాల వల్ల ఏర్పడే హుర్మత్ శిశువు పాలు తాగే వయసులో తాగినప్పుడే వర్తిస్తుంది. ఆ గడువు రెండేళ్లు, ఇమాం అబూ హనీఫా వారి మాటలో రెండున్నరేళ్లు. రక్తం వల్ల అలాంటి హుర్మత్ ఏర్పడదు. మూలుగ వల్లా ఏర్పడదు. నసబ్ తండ్రి వల్ల నిలిచేది.

ఇంట్లో ఎవరికీ కుదరనప్పుడు రిజిస్ట్రీ దాతలే దిక్కు. సగం కుదిరిన తల్లి నుంచో, తండ్రి నుంచో తీసుకునే పద్ధతి కూడా నేడు ఉంది. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి వంటి సంస్థలు 18 ఏళ్లు నిండిన ఆరోగ్యవంతుల చెంపల లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీసుకుని పేరు రాసుకుంటాయి. హెచ్.ఎల్.ఎ. గుర్తులు వంశాలను, జాతులను బట్టి ఉంటాయి గనుక మన బిడ్డకు కుదిరే మనిషి ఎక్కడో ఐరోపాలో దొరకడం కంటే మన మధ్యే దొరికే అవకాశం ఎక్కువ. ఇచ్చేది ఎవరికో దాతకు తెలియదు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుప్తంగా ఇచ్చే సదఖాకు ఇంతకంటే దగ్గరి పోలిక ఈ కాలంలో అరుదు.

అయితే ఒక హెచ్చరిక. ఉత్సాహంగా పేరు రాయించుకుని, ఏళ్ల తర్వాత పిలుపు వచ్చినప్పుడు ఫోను ఎత్తనివారున్నారు. మూలకణాలు ఎక్కించడానికి కొద్ది రోజుల ముందు రోగికి బలమైన మందులిచ్చి అతని సొంత మూలుగను పూర్తిగా నాశనం చేస్తారు. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే రోగికి పాతదీ ఉండదు, కొత్తదీ రాదు. మాట ఇచ్చి తప్పడం మునాఫిఖ్ లక్షణాల్లో ఒకటని ప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. ఇక్కడ తప్పిన మాటకు ఒక ప్రాణమే పోవచ్చు. సందేహం ఉన్నవారు పేరు రాయించుకునే ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. మనసు మారితే మందులు మొదలుకాక ముందే చెప్పాలి.

స్టెమ్ సెల్స్ అనే పేరు పెట్టుకుని మోకాళ్ల నొప్పులకు, ఆటిజంకు, పక్షవాతానికి లక్షలు గుంజే దుకాణాలు వేరు. మన దేశపు వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడిని తప్ప మిగతా వాటిని రుజువైన చికిత్సగా అంగీకరించలేదు. ప్రసవ సమయంలో బొడ్డుతాడు రక్తాన్ని డబ్బు తీసుకుని దాచిపెట్టే వ్యాపారాన్ని కూడా ఆ మండలి సిఫారసు చేయదు. ఇల్లు అమ్మి అక్కడికి పరుగెత్తే ముందు ఒక ప్రభుత్వ ఆసుపత్రి రక్తవ్యాధుల నిపుణుణ్ణి అడగండి.

చికిత్స అయ్యాక రోగి వారాల తరబడి ప్రత్యేక గదిలో ఉంటాడు. తెల్లకణాలు లేని ఆ రోజుల్లో మామూలు జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఇయాదత్ సున్నత్ అని మొహల్లా మొత్తం డబ్బాలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం ఇక్కడ పుణ్యం కాదు. ఫోనులో పలకరించండి, ఇంటి దగ్గర ఉన్న పిల్లలకు అన్నం పెట్టండి, దుఆ చేయండి.

ఖర్చు పది లక్షలు దాటుతుంది. కోల్ ఇండియా 2017లో మొదలుపెట్టిన తలసేమియా బాల సేవా యోజన తోబుట్టువుల మూలుగ కుదిరిన పిల్లలకు 10 లక్షల దాకా ఇచ్చింది. ఆసుపత్రిలోని సహాయ విభాగంలో ఇలాంటి వాటిని ముందే వాకబు చేయాలి. జకాత్ ఇవ్వవచ్చా అంటే, కుటుంబం నిసాబ్ లేనిదైతే తప్పక ఇవ్వవచ్చు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా ఇవ్వవచ్చు. కన్నబిడ్డలకు, తల్లిదండ్రులకు చెల్లదు. సయ్యదు కుటుంబమైతే జకాత్ కాకుండా మామూలు సొమ్ముతో సాయం చేయాలి. హనఫీ మజ్హబ్‌లో తమ్లీక్ షరతు ఉంది. అంటే సొమ్ము ముందు ఆ పేద తండ్రి చేతికి చేరాలి, లేదా ఆయన తన తరఫున ఆసుపత్రికి కట్టమని ఎవరికైనా వకాలత్ ఇవ్వాలి. కమిటీలు నేరుగా బిల్లు కట్టే ముందు ఆ వకాలత్‌ను ఒక కాగితం మీద రాయించుకుంటే చాలు.