రైళ్లయందు సామాన్యుని స్థానము

1853వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు మనదేశమున ప్రయాణీకుల రైలు మొదటిసారి నడచినది. దక్షిణాఫ్రికానుండి మరలివచ్చిన గాంధీమహాత్ముడు మూడవ తరగతియందే దేశమెల్ల తిరిగి, అందలి యిరుకును మురికిని 1917లో లోకమునకు వెల్లడించెను. 1974లో మూడవ తరగతి యను పేరు పోయినది. పేరుతోపాటు అవస్థయు పోయినదా యనునదే మా ప్రశ్న.

సంక్రాంతి దినములలో విజయవాడ స్టేషనున నిలిచి చూడుడు. బిడ్డను చంకనెత్తుకొన్న తల్లి జనరలు పెట్టెలో కాలుమోప సందులేక నిలిచియుండును. టిక్కెట్టు కొన్న మనుష్యునకు కూర్చుండ చోటు చూపలేని సంస్థ యేమి సంస్థ?

వేగముగల బండ్లు వలదని మేము చెప్పుటలేదు. 2023 జనవరి 15వ తేదీన సికింద్రాబాదు-విశాఖపట్టణముల నడుమ వందే భారత్ బయలుదేరినపుడు మేమును సంతసించితిమి. కాని రద్దీమార్గమున వేగపు బండికి దారి యిచ్చుటకై పాసింజరు పక్కలైనులో నిలిచిపోవుచున్నది. ఆలస్యమంతయు కోర్టుకు పోవు రైతుపైనను, కళాశాలకు పోవు విద్యార్థిపైనను పడుచున్నది. దోషము వేగమునది కాదు, పట్టాల కొరతది. కావున మూడవ లైను విలాసము గాదు, అవసరము.

2020 మార్చిలో మహమ్మారివలన ప్రయాణీకుల బండ్లు ఆగెను. మరల నడచినపుడు పెక్కు పాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ ధర విధింపబడి, 10 రూపాయల కనీసపు టిక్కెట్టు 30 రూపాయలయ్యెను. పాత ధర మరలివచ్చుటకు 2024 ఫిబ్రవరి కావలసివచ్చెను.

ప్రాణరక్షణమునందును ఇదియే గతి. జనరలు పెట్టెలను బండి కొసల తగిలించుట వాడుక. ఢీకొన్నపుడు మొదటి దెబ్బ వానికే తగులును. 2023 జూన్ 2వ తేదీన ఒడిషాలోని బహనాగాబజారువద్ద మూడువందలకు చేరువగా జనులు మృతినొందిరి. అదే సంవత్సరము అక్టోబరు 29వ తేదీన విజయనగరము జిల్లా కంటకాపల్లికడ ఒక పాసింజరును మరియొక పాసింజరు వెనుకనుండి ఢీకొనెను. పదిమందికి పైగా మడసిరి. బండ్లు ఢీకొనకుండ తమంతట బ్రేకువేయు 'కవచ్' సాధనమును మొదట పరీక్షించినది మన దక్షిణమధ్య రైల్వేలోనే. ఇంటనున్న మందు రోగికి అందకపోవుట యెంత విచారము!

ప్రయాణీకులవలని నష్టమును సరకుల కిరాయితో పూడ్చుచున్నామని అధికారులందురు. నిజమే. కాని ఆ టిక్కెట్టుతో పంట అంగడికి చేరును, కూలి పనికి చేరును, బాలుడు బడికి చేరును. ఈ లాభము రైల్వే పద్దులలో కానరాదు; దేశపు పద్దులలో కానవచ్చును.

మేము కోరునవి మూడు: ప్రతి దూరపు బండికి చాలినన్ని జనరలు పెట్టెలు, రద్దీమార్గములందు అదనపు లైన్లు, పాసింజర్లు తిరుగు దారులందును కవచ్. 2023 డిసెంబరులో ఆరంభమైన అమృత్ భారత్ బండ్లలో జనరలు పెట్టెలు ఎనిమిది యుంచిరి. ఇట్లు చేయుట సాధ్యమని వారే చూపిరి. ఇక మిగిలినది సంకల్పము. మన ప్రతినిధులు వోట్లకై మన వాకిళ్లకు వచ్చినపుడు, ముందుగా జనరలు పెట్టెలో ఒకరాత్రి ప్రయాణము చేసి రండని చెప్పుట మన విధి.