అమృతాంజనం డబ్బుతో నడిచిన చరిత్ర

తలనొప్పికి రాసుకునే అమృతాంజనానికీ, పాత శాసనాలకీ సంబంధం ఏంటి? ఉంది. ఆ మందుతో సంపాదించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే 1924 జనవరిలో మద్రాసులో ‘భారతి’ మాసపత్రిక మొదలుపెట్టారు. అప్పటికే ‘ఆంధ్రపత్రిక’ ఆయనదే. 1938లో ఆయన పోయారు, భారతి మాత్రం 1991 దాకా వచ్చింది.

భారతి అనగానే కథలు, కవిత్వం అంటారు. నేను చదివేది చరిత్ర కోసం. మల్లంపల్లి సోమశేఖర శర్మ, నేలటూరి వెంకటరమణయ్య, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు అందులో రాసేవారు. ఇంగ్లీషు జర్నల్ ముట్టుకోని టీచరు, ప్లీడరు కూడా ఇంట్లో కూర్చుని ఏ రాజు ఎప్పటివాడో తెలుగులోనే చదువుకునేవారు. నాకు బాగా నచ్చేవి వాదాలు. ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు ఖండిస్తారు. చాలా మర్యాదగా, కానీ గట్టిగా. తిట్లుండవు, ఆధారం ఏదని అడుగుతారు.

ఆధారం అడిగితే ఏమవుతుందో రుద్రమదేవి విషయంలో చూడండి. ఆమె 1295 ప్రాంతం దాకా పాలించిందని చాలాకాలం రాసుకున్నారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన ఒక్క శాసనం ఆ లెక్క మార్చేసింది. రుద్రమకూ, సేనాని మల్లికార్జునుడికీ శివలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం చేశాడని అందులో ఉంది. శక సంవత్సరం 1211. దానికి 78 కలిపితే 1289. అంటే అప్పటికే ఆమె లేదు! రుద్రమ మీద వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డ్‌లలో ఈ రాయి ఊసే నాకు కనబడలేదు.

భారతి పాత సంచికలు ప్రెస్ అకాడమీ ఆన్‌లైన్ భాండాగారంలో స్కాన్ చేసి పెట్టారు. ఫోన్‌లోనే చదవొచ్చు, కాస్త ఓపిక ఉంటే. అరసున్నలు, బండి ‘ఱ’లు రెండు రోజుల్లో అలవాటైపోతాయి. తేదీలే తికమక. మొదటి సంచిక వచ్చింది ‘రుధిరోద్గారి’ సంవత్సరంలో. పంచాంగంలో అరవై ఏళ్ల పేర్లు పక్కన పెట్టుకుంటే పని తేలిక.

అసలు ఇబ్బంది వేరే. అవి బొమ్మలు, అక్షరాలు కావు. సెర్చ్‌లో ‘చందుపట్ల’ అని కొడితే ఆ పేజీల్లోంచి ఏమీ రాదు. ఆరున్నర దశాబ్దాల పత్రిక మన జేబులోనే ఉన్నా, గూగుల్‌కి లేనట్టే. మన తరానికి గూగుల్‌లో లేనిది అసలు లేనట్టే కదా! అందుకే నేనో షీట్ తెరిచాను. సంవత్సరం, నెల, వ్యాసం, రాసినవారు, అందులో వచ్చే ఊర్లు. రాత్రి పడుకునే ముందు ఒక సంచిక. బోలెడంత పని మిగిలే ఉంది. ఊళ్ల పేర్ల వరస మాత్రం అప్పుడే పొడుగవుతోంది, మీ ఊరు కూడా తగలొచ్చు.