వెడల్పు పాళీయు, తెలుగు తలకట్టును

చదువుటకై వ్రాసిన అక్షరము వేఱు. చూచి సంతసించుటకై వ్రాసిన అక్షరము వేఱు. మొదటిది మనమందఱము దినదినమును చేయుచున్న పనియే. రెండవదానిని గూర్చి మన విద్యార్థులకు కొన్ని మాటలు విన్నవింపదలచితిని. దీనికి ధనవ్యయము స్వల్పము. ఒక రెల్లుపుల్లయు, పదునైన చాకును, సిరాబుడ్డియు నున్న చాలును. ఓపిక మాత్రము కొంచెమెక్కువ కావలయును.

నేను దీనిని సరిగా నేర్చినది యొక పొరపాటువలన. కొన్నియేండ్లక్రిందట, మాకు తెలుగు బోధించిన పండితులవారు ఉద్యోగవిరమణము చేయునప్పుడు సన్మానపత్రము వ్రాయు పని నా పాలబడినది. ఆ దినములలో నాకు ఆంగ్ల సుందరలేఖనముపై క్రొత్తగా మోజు కలిగియుండెను. వెడల్పు పాళీ నొకదానిని కొని, ఆంగ్లాక్షరములకు పట్టినట్లే దానిని పట్టి, రెండు రాత్రులు కూర్చుండి పత్రమును ముగించితిని. దూరమునుండి చూచినవారందఱును బాగున్నదనిరి. పండితులవారు కండ్లజోడు సవరించుకొని, చాలసేపు చూచి, "అక్షరములు ముద్దుగానే యున్నవి గాని, నాయనా, వీనికి తలలు లేవే!" అనిరి. నిజమే. ప్రతి తలకట్టును వెండ్రుకవలె సన్నగిల్లి, కొన్నిచోట్ల కానరాకయే పోయినది. తమ పేరును తామే కూడబలుకుకొనవలసిన యవస్థ వారికి కలిగినది.

నేననుకరించిన యా పద్ధతి యెక్కడిదో చెప్పవలెను. ఎడ్వర్డు జాన్‌స్టన్ అను నాంగ్లేయుడు 1872వ సంవత్సరమున దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నారంభించి, ఆరోగ్యము చాలక మానివేసెను. పిదప లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందలి ప్రాచీన లిఖితగ్రంథముల ముందు కూర్చుండి, పూర్వలేఖకులు ఏ పరికరముతో, ఏ విధముగ వ్రాసిరో తన చేతితోనే పరీక్షించి తెలిసికొనుచు వచ్చెను. వానిలో పదవ శతాబ్దపు కీర్తనల గ్రంథ మొకటి అతనికి ముఖ్యమైన ఒరవడి యయ్యెను. 1899లో అతడు లండనునందలి కళాపాఠశాలలో లేఖనము బోధింప మొదలిడెను. 1906లో దానిపై గ్రంథమును ప్రకటించెను. లండను భూగర్భరైలు సంస్థకై 1916లో ప్రచారములోనికి వచ్చిన అక్షరములును అతడు గీసినవే. 1944లో మరణించెను.

అతని బోధనలోని సారమిది: అక్షరములోని లావును సన్నమును చిత్రకారుడు ప్రయత్నపూర్వకముగ గీయునవి కావు, వెడల్పైన పాళీయంచు ఒకే వాలున నిలిచియుండగా, చేయి త్రిప్పిన కొలది అవి తమంతట తామే పుట్టును. ఈ మాట నాలుగుసారులు చదువుటకంటె ఒకసారి చేసి చూచుట మేలు. రెండు పెన్సిళ్లను ప్రక్కప్రక్కన చేర్చి, దారముతో బిగించి కట్టుడు. రెండు మొనలును కాగితమునకు తాకునట్లు పట్టుకొని, కుడిమొన ఎడమమొనకంటె కొంచెము పైకుండునట్లు చూచి, చేయి మెలిపెట్టక ఒక సున్న చుట్టుడు. ఎడమవైపు పైభాగమునను, కుడివైపు క్రిందిభాగమునను రెండు గీతలు దగ్గఱకు వచ్చును, మిగిలినచోట్ల దూరమగును. ఆంగ్లములోని 'ఓ' అక్షరమున కనబడు లావు సన్నముల రహస్యమంతయు ఇదియే.

ఇప్పుడు అదే కట్టతో, అదే వాలుతో మన తలకట్టును గీయుడు. ఎడమనుండి దిగు పొట్టిగీత లావుగా వచ్చును. కుడికి ఎక్కు పొడవుగీత దాదాపు పాళీయంచు పోవు దారినే పోవును గనుక, రెండు పెన్సిలుగీతలును ఒకదానిమీద నొకటి పడునంత దగ్గఱగును. అనగా పరికరము ఆంగ్లాక్షరమునకు చేసిన యుపకారమే తెలుగక్షరమునకు అపకారమైనది. నా సన్మానపత్రమున జరిగినది సరిగా నిదియే.

మన యక్షరములు ఇట్టి పాళీతో పెరిగినవి కావు. తాటియాకుపై ఇనుప గంటముతో గీచి, ఆ గీతలలో మసి రుద్ది నింపుట మన దేశమున చిరకాలము జరిగిన లేఖనవిధానము. తంజావూరు సరస్వతీమహలునందు తెలుగు తాళపత్రములు నేటికిని కలవు. గంటపు మొనకు వెడల్పు లేదు. కాబట్టి గీతయంతయు ఒకే సన్నదనమున సాగును. అడ్డగీత గీచిన ఆకు నారవెంట చీలును గనుక మన లిపి గుండ్రదనము పొందెనని పలువురందురు. ఇందు కొంత సత్యముండవచ్చును గాని, తమిళులును తాటియాకుపైననే వ్రాసిరి, వారి లిపిలో అడ్డగీతలు లేకపోలేదు. కావున అంతయు ఆకుమీదనే త్రోయుట నాకు సమ్మతము కాదు.

పిమ్మట నేను చేసినది మిక్కిలి సులభము. పాళీ వాలును తలక్రిందుచేసితిని. రెల్లుపుల్ల కొనను కలమువలె చెక్కి, సిరా దిగుటకు నడుమ చిన్నచీలిక యిచ్చి, ఎడమమూల పొడవుగను కుడిమూల పొట్టిగను ఉండునట్లు ఏటవాలుగ కోసితిని. కాగితమును కొంచెము ఎడమకు త్రిప్పి పెట్టుకొంటిని. ఇట్లు చేసిన పాళీయంచు కుడివైపునకు దిగియుండును. నాగరలిపి వ్రాయువారి కలములును ఈ వాలుననే కోయబడును. ఈ కలముతో గీచిన తలకట్టు పొడవుగీత నిండుగ లేచి, అక్షరముపై నిటారుగ నిలిచినది. ఆ రాత్రి 'గ'కారమును ఎన్నిసారులు వ్రాసితినో లెక్కలేదు.

అంతటితో చిక్కులు తీరలేదు. ఆంగ్లమున చిన్నయక్షరపు టెత్తు పాళీ వెడల్పునకు నాలుగు నాలుగున్నర రెట్లుండిన చాలును. ఆ కొలతనే పెట్టుకొన్నచో మన 'ఘ', 'ఝ' వంటివాని మడతలు సిరాతో పూడిపోవును. ఆఱురెట్లు మేలని నా యనుభవము. పంక్తుల నడుమ ఎడమును ధారాళముగ విడువవలెను. లేనిచో పై పంక్తిలోని ఒత్తు క్రిందిపంక్తిలోని గుడిదీర్ఘముతో కొట్లాడును. పలుచని సిరా చౌక కాగితముపై ప్రాకును గావున, దీపపుమసిని తుమ్మజిగురునీటితో నూఱిన పాతకాలపు సిరాయే నాకు నచ్చినది. చేతులు నల్లబడునని ఇంటివారు విసుగుకొందురు. అది వేఱు సంగతి.

ముద్రితాక్షరములు ఇన్ని యుండగా ఈ శ్రమ యేల యని కొందఱడుగుదురు. మన యూరి అంగళ్లపై పూర్వము కుంచెతో వ్రాసిన పలకలలో ఏ రెండును ఒకరీతిగ నుండెడివి కావు. ఇప్పుడు ఫ్లెక్సు గుడ్డలపై అన్నియు నొకటే. అయినను చేతి గుణము యంత్రమునకు పరాయిది కాదు. చిత్రకారుడును చలనచిత్రదర్శకుడును అయిన బాపుగారి (1933-2014) చేతివ్రాతయే కంప్యూటరు అక్షరములుగా మాఱి అచ్చున వాడబడుచున్నది. ఆ యక్షరములకు మూలము ఒక మనుష్యుని మణికట్టు.

సన్మానపత్రమును ఆఱునెలలకు తిరుగవ్రాసి, పండితులవారి యింటికి కొనిపోయితిని. వారు వీధియరుగుపై వెలుతురులో పట్టుకొని, మొదటినుండి తుదివఱకు తడుముకొనక చదివిరి. పిదప మూడవపంక్తిపై వ్రేలుంచి, "ఈ 'ణ'కారము కడుపు చిన్నదైనది సుమా" అనిరి. ఇప్పుడు నేను దానినే సాధనచేయుచున్నాను.